ఫైబర్ బండికి హెడ్‌లైట్ పోతే బల్బు కొనకండి, ముందు ఎర్త్ చూడండి

మామిడి సీజన్లో ఒక రాత్రి ఎనిమిదిన్నర దాటాక మా బామ్మర్ది ఫోన్ చేశాడు. "బావా, బండికి ఎడమ కన్ను పోయింది. రెండు బల్బులు మార్చినా, అయినా లేదు."

బండంటే షోరూంలో కొన్నది కాదు. బంగారుపాళెం దగ్గర మా తోటలో తిరగడానికి మేమిద్దరం కట్టుకున్న బండి. పాత సామాన్ల అంగట్లో దొరికిన మారుతి 800 ఇంజను, గేరుబాక్సు, ఇనప పైపులు వెల్డింగ్ చేయించిన ఫ్రేము, దాని మీద ఫైబర్ బాడీ. రిజిస్ట్రేషన్ లేదు, రోడ్డెక్కదు, ఎక్కించే ఆలోచన కూడా లేదు. పగలు బెంగుళూరా కాయల బుట్టలు మోస్తుంది, రాత్రి కావలి తిరుగుతుంది. ఏనుగులు దిగే పక్క హెడ్‌లైట్ సరిగా లేని బండేసుకుని తోటలోకి పోవడం ఎట్లా ఉంటుందో పలమనేరు, బంగారుపాళెం వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు.

నేను చిత్తూరులో ఇంట్లో కూర్చుని ఫోన్లోనే అడిగాను. "పూర్తిగా పోయిందా, ఎర్రగా కొంచెమైనా వెలుగుతోందా?" "ఎర్రగా ఉంది, ఆరిపోయే బొగ్గు మాదిరి." "ముందర మీటర్ల దగ్గర బ్రైట్‌కి వెలిగే నీలం లైటు?" "అదీ సన్నగా వెలుగుతా ఉంది బావా, కానీ నేను డిమ్‌లోనే పెట్టినా." అయితే బల్బు ముట్టుకోవద్దు, ఎడమ డూమ్‌కి, అంటే ఆ హెడ్‌లైట్ గిన్నెకి, ఎర్త్ (కరెంటు బ్యాటరీకి తిరిగొచ్చే దారి) పోయింది, బ్యాటరీ మైనస్ నుంచి ఒక వైరు లాగి ఆ హోల్డర్లో ఎర్త్ పిన్నుకి తగిలించి చూడు అన్నాను. రెండు నిమిషాల తర్వాత ఫోన్లోంచి ఒక కేక వినపడింది, లైటు భగ్గుమందని.

ఇదేం మాయ కాదు. ఎందుకు అట్లా అయిందో తెలుసుకుంటే సొంతంగా కట్టుకున్న బండ్లలో వచ్చే హెడ్‌లైట్ తంటాల్లో చాలావరకు తీరిపోతాయి.

కంపెనీ కారులో బాడీ అంతా రేకు. బ్యాటరీ మైనస్ బాడీకి కలిసి ఉంటుంది కాబట్టి, ఎక్కడ బోల్ట్ బిగించినా అక్కడ ఎర్త్ దొరుకుతుంది. ఫైబర్‌లో కరెంటు పారదు. డూమ్‌ని ఫైబర్‌కి బిగించి ఊరుకుంటే ఆ బల్బుకి పోయే దారి ఉంది గానీ వచ్చే దారి లేదు. అందుకే ప్రతి లైటుకీ, హారన్‌కీ, రిలేకీ (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్‌కి) విడిగా ఎర్త్ వైరు లాగి ఫ్రేముకో, ఇంకా మేలుగా బ్యాటరీ మైనస్‌కో తేవాలి. రేకు బండి మీద చెయ్యి తిరిగిన ఎలక్ట్రీషియన్ కూడా ఇక్కడ పొరపాటు పడతాడు, అలవాటు అట్లాంటిది. నేనే ఒకసారి రిలేని ఫైబర్‌కి బోల్ట్ వేసి నీటుగా కూర్చోబెట్టి, దాని ఎర్త్ వైరు కూడా అదే బోల్ట్ కింద పెట్టి, రిలే పాడైందని ఇంకోటి కొనుక్కొచ్చాను.

ఇప్పుడు ఆ ఎర్ర బొగ్గు సంగతి. హెచ్ 4 అనే హెడ్‌లైట్ బల్బులో డిమ్‌కో ఫిలమెంటు, బ్రైట్‌కో ఫిలమెంటు ఉంటాయి, రెండింటికీ కలిపి ఒకటే ఎర్త్ పిన్ను. ఎడమ పక్క ఆ ఎర్త్ తెగితే డిమ్‌లోకి వచ్చిన కరెంటు ఊరికే ఆగిపోదు, పక్కనున్న బ్రైట్ ఫిలమెంటులోంచి వెనక్కి నడిచి, బ్రైట్ వైరు పట్టుకుని కుడి లైటు బ్రైట్ ఫిలమెంటుకి చేరి, అక్కడ బాగున్న ఎర్త్‌లో దిగుతుంది. దారిలో నీలం లైటుకి కూడా కాస్త అందుతుంది. ఒకే 12 వోల్టుల్ని మూడు ఫిలమెంట్లు వరసగా పంచుకుంటే ఎవరికీ కడుపు నిండదు, అందుకే ఆ ఎర్రటి వెలుగు. డిమ్‌లో ఉండగా నీలం లైటు సన్నగా వెలుగుతోందంటే వేరే ఏదీ ఆలోచించకండి, ఏ పక్క లైటు ఎర్రగా ఉందో ఆ పక్క ఎర్త్ చూడండి.

మా బండిలో ఎర్త్ వైరు ఉంది, తెగలేదు కూడా. ఫ్రేముకి 8 మి.మీ. బోల్టుతో గట్టిగా బిగించి ఉంది. నేను మరుసటి రోజు పోయి ఆ బోల్ట్ విప్పితే థింబుల్ (వైరు చివరి రింగు) కింద ఫ్రేము నల్లగా నిగనిగలాడుతోంది. పెయింట్! రెడాక్సైడ్ మీద రెండు పూతలు. ఇన్నాళ్ళూ కరెంటు బోల్ట్ మరల్లోంచి ఎట్లాగో ఈడ్చుకుంటూ పోయింది, వానలకి మరలు తుప్పు పట్టేసరికి అదీ ఆగింది. ఎమరీ కాగితంతో రూపాయి బిళ్ళంత జాగాలో ఇనుము తెల్లగా మెరిసేదాకా రుద్ది, పళ్ళున్న వాషర్ వేసి బిగించి, బిగించాక పైన గ్రీజు పూశాను. ముందు బిగింపు, తర్వాతే గ్రీజు.

సరే, మీ బండి సంగతికొద్దాం. చేతిలో ఉండాల్సినవి రెండే. చవక డిజిటల్ మీటరు ఒకటి. ఇండికేటర్‌కి వాడే 21 వాట్ల బల్బు హోల్డర్‌తో సహా తీసుకుని, రెండు వైర్లు, చివర్లకి మొసలి క్లిప్పులు వేసుకుంటే తయారయ్యే టెస్ట్ లాంపు ఇంకొకటి. నిజానికి లాంపే ముఖ్యం. మీటరు నిజం చెప్పని చోట్లు ఉన్నాయి, అదెట్లాగో కాస్త ఆగి చెబుతాను. స్పానర్ పట్టి వైరింగ్‌లో చెయ్యి పెట్టేటప్పుడు మాత్రం బ్యాటరీ మైనస్ తీసేయండి, వేలికి ఉంగరం, చేతికి కడియం ఉంటే అవీ తీసి జేబులో వేసుకోండి.

ముందు బండి ముందర నిలబడి చూడండి. మనలో చాలామంది చెయ్యనిది ఇదే. డిమ్‌లో రెండూ వెలిగి బ్రైట్‌లో రెండూ పోతే బల్బుల తప్పు కాదు, రెండు బల్బుల్లో ఒకే రోజు ఒకే ఫిలమెంటు పోవడం అరుదు. డిప్ స్విచ్ (డిమ్, బ్రైట్ మార్చేది), బ్రైట్ రిలే, బ్రైట్ ఫ్యూజు చూడండి. రెండు పొజిషన్లలోనూ రెండు లైట్లూ లేవంటే ఇంకా వెనక్కి పోవాలి, మెయిన్ ఫ్యూజు, లైట్ స్విచ్, బ్యాటరీ టెర్మినల్. ఒక పక్కే పోతే ఆ పక్క బల్బు, హోల్డర్, ఎర్త్. గుంతలో పడ్డప్పుడల్లా ఆరి వెలుగుతుంటే లూజు. పది నిమిషాలు బాగా వెలిగి ఆరిపోయి, చల్లారాక మళ్ళీ వస్తే వేడి, అంటే ఎక్కడో స్విచ్‌లోనో కప్లర్‌లోనో (వైర్లని కలిపే ప్లగ్గులో) కాంటాక్ట్ కాలిపోతోంది, చెయ్యి పెట్టి చూస్తే దొరుకుతుంది. ఇంజను ఐడిల్‌లో మసకగా ఉండి రేస్ చేస్తే ప్రకాశిస్తే హెడ్‌లైట్‌ని వదిలేసి ఛార్జింగ్ వైపు పోండి, బెల్టు లూజు కావచ్చు, ఆల్టర్నేటర్ కావచ్చు.

బ్యాటరీ దగ్గరే ఉన్నాం కాబట్టి ఒక మాట. మన ఉమ్మడి చిత్తూరు జిల్లాలో, కరకంబాడిలో బ్యాటరీల ఫ్యాక్టరీ ఉంది గానీ, మన బండ్లలో టెర్మినల్ చూస్తే పచ్చటి పొక్కు పేరుకుని ఉంటుంది. వేడినీళ్ళలో వంటసోడా కలిపి కడిగి, ఆరాక బిగించి వాజ్‌లైన్ రాయండి. బాగున్న బ్యాటరీ ఇంజను ఆపి కాసేపయ్యాక 12.6 వోల్టులు చూపించాలి, ఇంజను ఆన్‌లో 13.8 నుంచి 14.4 మధ్య. 15 దాటుతోందంటే రెగ్యులేటర్ పోయినట్టు, బల్బులు నెలకొకటి కాలిపోవడానికి కారణం అదే.

ఇప్పుడు మీటరు చెప్పే అబద్ధం. చాలామంది బల్బు ఊడదీసి హోల్డర్‌లో మీటరు పెడతారు. 12.4 వస్తుంది. "కరెంటు వస్తోంది కదా, బల్బుదే తప్పు" అని అంగడికి పోతారు. మీటరు తాగేది చుక్కనీళ్ళంత కరెంటు. పది పోగుల వైరులో తొమ్మిది తెగి ఒకటే మిగిలినా మీటరుకి 12.4 కనపడుతుంది. కుళాయి కట్టి ఉన్నప్పుడు పైపులో ప్రెజర్ నిండుగా ఉన్నట్టే చూపించి, కుళాయి తిప్పితే నీళ్ళు సన్నగా కారడం లేదూ, అట్లాంటిదే. 55 వాట్ల బల్బుకి నాలుగున్నర ఆంపుల పైన కావాలి, ఆ ఒక్క పోగు అంత మొయ్యలేదు. కాబట్టి కొలత ఎప్పుడైనా లైటు వెలుగుతుండగానే తీయాలి. బల్బు పెట్టి, కప్లర్ పెట్టి, స్విచ్ వేసి, కప్లర్ వెనక వైపు వైరు దూరే సందులోంచి గుండుసూది దూర్చి దానికి మీటరు ముల్లు తాకించండి.

రెండు కొలతలు చాలు. మొదటిది ప్లస్ దారి. మీటరు ఎర్ర ముల్లు బ్యాటరీ ప్లస్ మీద, నల్లది బల్బుకి కరెంటు వచ్చే పిన్ను మీద. తోవలో ఎంత వోల్టేజీ పోయిందో మీటరే నేరుగా చెబుతుంది. అర వోల్టు లోపల ఉంటే మంచిది. రెండోది ఎర్త్ దారి. ఒక ముల్లు బ్యాటరీ మైనస్ మీద, ఇంకోటి బల్బు ఎర్త్ పిన్ను మీద. ఇక్కడ 0.2 దాటకూడదు. దాటితే ముల్లుని బల్బు దగ్గర్నుంచి ఒక్కో జాయింటు వెనక్కి జరుపుకుంటూ రండి. ఎక్కడ అంకె ఠక్కున పడిపోతుందో తప్పు ఆ జాయింటులో ఉంది. ఇనప పైపు ఫ్రేము మీద వెల్డింగ్, బోల్ట్, బ్రాకెట్ ఇట్లా ఎన్నో జాయింట్లు దాటాలి, అందుకే రెండు డూమ్‌ల ఎర్త్‌నీ ఒకచోట కలిపి లావు వైరుతో నేరుగా బ్యాటరీ మైనస్‌కి తెచ్చేయడమే నా సలహా. పది అడుగుల వైరుకి పిసినారితనం వద్దు. ఇంజను కూడా రబ్బరు మౌంటింగుల మీద ఉంటుంది, దానికీ ఫ్రేముకీ మధ్య లావు ఎర్త్ పట్టీ వేశారో లేదో చూసుకోండి, లేకపోతే సెల్ఫ్ కొట్టినప్పుడు కరెంటు ఆక్సిలరేటర్ కేబుల్‌లోంచి దారి వెతుక్కుంటుంది, కేబుల్ కాలి పట్టేసిన బండ్లున్నాయి.

పోయిన అర వోల్టు, ఒక వోల్టు అంటే ఏముందిలే అనిపిస్తుంది. హాలోజన్ బల్బుకి వోల్టేజీ 10 శాతం తగ్గితే వెలుతురు సుమారు 30 శాతం తగ్గుతుంది. కొత్త బల్బు వేసినా పసుపుగా, నీరసంగా వెలుగుతోందని ఏడ్చేవాళ్ళ బండ్లలో జరిగేది ఇదే. లెక్క చూడండి. రెండు బ్రైట్‌లు కలిపి 120 వాట్లు, అంటే 10 ఆంపులు. బ్యాటరీ నుంచి స్విచ్‌కి, స్విచ్ నుంచి ముందుకి కలిపి నాలుగు మీటర్ల 0.75 స్క్వేర్ ఎం.ఎం. వైరు వాడితే ఆ రాగిలోనే 0.9 వోల్టు పోతుంది. అదే 2.5 వైరైతే 0.3 కూడా పోదు. స్విచ్‌లో, కప్లర్లలో పోయేది దీనికి అదనం. ఇది తెలియక కొందరు వెలుతురు చాల్లేదని 100/90 బల్బు (బ్రైట్ 100, డిమ్ 90 వాట్లు) వేస్తారు. అది రోడ్డు బండికి రూల్ ప్రకారం చెల్లదన్న సంగతి పక్కనపెట్టండి, అదే సన్నవైరు మీద ఇంకా ఎక్కువ కరెంటు లాగుతుంది, ఇంకా ఎక్కువ వోల్టేజీ పోతుంది, నాలుగు రోజులకి హోల్డర్ ప్లాస్టిక్ కరిగి పిన్నులకి అంటుకుంటుంది.

సరైన మందు రిలే. డిమ్‌కొకటి, బ్రైట్‌కొకటి. రిలే కింద నాలుగు కాళ్ళు ఉంటాయి, నంబర్లు పక్కనే అచ్చుపోసి ఉంటాయి. 30కి బ్యాటరీ ప్లస్ నుంచి లావు వైరు, బ్యాటరీ పక్కనే 20 ఆంపుల ఫ్యూజుతో. 87 నుంచి బల్బులకి. 86కి స్విచ్ నుంచి వచ్చే పాత వైరు. 85 ఎర్త్. స్విచ్‌కి ఇప్పుడు బల్బుల బరువు మొయ్యాల్సిన పని లేదు, రిలే చుట్ట లాగేది అర ఆంపు కూడా ఉండదు. 87 నుంచి బయల్దేరాక ఎడమకో 10 ఆంపుల ఫ్యూజు, కుడికో 10 ఆంపుల ఫ్యూజు పెట్టుకోండి, ఒక పక్క షార్ట్ అయినా ఇంకో కన్ను మిగులుతుంది, చీకట్లో అది చాలా పెద్ద సంగతి. రిలే పెట్టాక కూడా లైటు రాకపోతే చెవి పెట్టి వినండి. స్విచ్ వేస్తే టిక్‌మంటే 85, 86 బాగున్నట్టు, 30, 87 వైపు చూడండి. టిక్‌మనకపోతే స్విచ్ వైరో, 85 ఎర్తో. ఫైబర్ బోల్ట్ గుర్తుంది కదా.

ఫ్యూజు పదే పదే పోతుంటే మాత్రం ఇంకో ఫ్యూజు వేసి, అదీ పోతే వైరు చుట్టి నడిపించడం దయచేసి వద్దు. ఫైబర్, రెసిన్ అంటుకుంటే ఆర్పడం మన వల్ల కాదు. ఫ్యూజు ఊడదీసి దాని రెండు కాళ్ళ మధ్య ఆ 21 వాట్ల టెస్ట్ లాంపు తగిలించండి. ఇక్కడ ఒక మెలిక ఉంది, ముందు రెండు హెడ్‌లైట్ కప్లర్లూ ఊడదీయాలి. లేకపోతే హెడ్‌లైట్ బల్బులోంచే కరెంటు దిగి లాంపు నిండుగా వెలుగుతుంది, మీరు లేని షార్ట్‌ని పొద్దుగూకేదాకా వెతుకుతారు. కప్లర్లు తీశాక కూడా లాంపు వెలుగుతుంటే షార్ట్ నిజంగా ఉన్నట్టు. ఇక వైరింగ్ కట్టని పట్టుకుని జానెడు జానెడు కదిలించుకుంటూ పొండి. లాంపు ఆరిన చోట చెయ్యి ఆపండి. మాకు ఒకసారి అది బ్యాటరీ పెట్టె వెనక దొరికింది, ఎలక తీరిగ్గా కూర్చుని మూడంగుళాలు తోలు ఒలిచిపెట్టింది. తోట షెడ్లో నిలబడే బండికి వైరింగ్ మొత్తం గట్టి స్లీవ్‌లో పోవాల్సిందే. ఫైబర్‌కి వేసిన రంధ్రం అంచు కూడా కత్తిలాంటిదే, వైరు దూరే ప్రతి చోటా రబ్బరు గ్రొమెట్ పెట్టండి.

ఇంకొకటి, దీనికి నేను ఒక ఆదివారం మొత్తం ధారపోశాను. వైరింగ్, స్విచ్‌లు ఏ బండివి తెచ్చారో ముందు తెలుసుకోండి. కొన్ని జపాన్ డిజైన్ బండ్లలో హెడ్‌లైట్ లెక్క తిరగేసి ఉంటుంది. ప్లస్ ఎప్పుడూ బల్బు కామన్ పిన్ను (మామూలుగా ఎర్త్ కలిపే పిన్ను) దగ్గర సిద్ధంగా ఉంటుంది, స్విచ్ చేసేది ఎర్త్‌ని కలపడం. అది తెలియక ఆ కామన్ పిన్నుకి మనం భక్తిగా ఎర్త్ కలిపామనుకోండి, ఫ్యూజు టప్. స్విచ్ ఆఫ్‌లో ఉండగా కామన్ పిన్నుకీ బ్యాటరీ మైనస్‌కీ మధ్య టెస్ట్ లాంపు పెట్టి చూడండి, వెలిగితే ఆ బాపతు వైరింగే. బల్బు పిన్నుల్లో పైన అడ్డంగా ఉన్నది డిమ్. కింద నిలువుగా ఉన్న రెండింట్లో ఏది ఎర్తో అనుమానముంటే బల్బుని బయటే బ్యాటరీకి తాకించండి. పై పిన్నుకి ప్లస్ ఇచ్చి, నిలువు వాటిలో ఒక్కోదానికి మైనస్ ఇవ్వండి. ఒకదానితో తెల్లగా వెలుగుతుంది, అదే ఎర్త్. ఇంకోదానితో రెండు ఫిలమెంట్లూ కలిసి నీరసంగా వెలుగుతాయి. గాజు మాత్రం వేళ్ళతో పట్టుకోకండి, చేతి జిడ్డు అంటిన చోట వేడెక్కి త్వరగా పోతుంది. పట్టుకున్నారా, స్పిరిట్‌తో తుడిచేయండి.

ఎల్ఈడీ వేసేస్తే ఈ గోలంతా ఉండదు కదా అని బామ్మర్ది గోల. కరెంటు తక్కువ లాగుతుంది, నిజమే. కానీ హాలోజన్ కోసం చేసిన డూమ్‌లో చవక ఎల్ఈడీ పెడితే వెలుతురు ఎక్కడ పడాలో అక్కడ పడదు, సగం చెట్ల కొమ్మల్లోకి పోతుంది. పైగా ఎర్త్ బాగాలేని చోట అది మసకగా వెలగడం కూడా ఉండదు, మిణుకుమిణుకుమని ఆరిపోతుంది. నేను ఒప్పుకోలేదు.

అన్నీ సరిచేశాక ఫోకస్ పెట్టుకోండి. పంపుషెడ్డు గోడకి ఎదురుగా 10 మీటర్ల దూరంలో, చదునైన నేల మీద బండి ఆపి, డూమ్ మధ్య భాగం నేల నుంచి ఎంత ఎత్తుందో కొలిచి గోడ మీద అంతే ఎత్తులో సుద్దముక్కతో గీత గీయండి. డిమ్ వెలుతురు పై అంచు ఆ గీతకి 10 సెంటీమీటర్లు కింద పడాలి. ఖాళీ బండితో మాత్రం చూడకండి. మేము అట్లాగే చూసి సంబరపడి, వెనక ఆరు బుట్టలు ఎక్కించేసరికి ముక్కు పైకి లేచి లైట్లు రెండూ మామిడి చెట్ల తలల్ని వెతుక్కుంటూ పోయాయి. ఇప్పుడు బుట్టలు ఎక్కించి, బామ్మర్దిని డ్రైవింగ్ సీట్లో కూర్చోబెట్టి, అప్పుడు స్క్రూ తిప్పుతున్నాను.